అర్ర కొలిచి కొన్న గాలి డబ్బా

ఫిబ్రవరి వచ్చిందంటే మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో తుమ్ములను బట్టి చెప్పొచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు మా ఇల్లు కూతవేటు దూరం. తెల్లారేసరికి మిర్చి బస్తాల లారీలు, ట్రాలీలు రోడ్డు పొడవునా బారులు తీరి ఉంటాయి. మాకు అలవాటై ముక్కు మొద్దుబారింది కానీ, కొత్తవాళ్లు బండి దిగీ దిగకముందే తుమ్ములు మొదలుపెడతారు. తేజ రకం దిగిన రోజు ఘాటు ఒక తీరు, చపాటా దిగిన రోజు ఇంకో తీరు. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటాకు రంగే గానీ కారం తక్కువ, పాపం దాన్ని అనడానికేం లేదు.

నాన్న పోయాక అమ్మను పరకాల దగ్గరి మా ఊరి నుంచి తెచ్చుకున్నాం. ఆమెకు దమ్ము, అంటే ఊపిరాడని ఆయాసం. ఊళ్లో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి. ఇక్కడికొచ్చాక మొదటి మిర్చి సీజన్‌లోనే రాత్రిళ్లు లేచి గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలైంది. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు, దుమ్ముకు, పొగకు దూరంగా ఉంచమన్నారు. దుమ్ము మధ్యలో ఇల్లు పెట్టుకుని దూరం ఎక్కడికని పోతాం? అట్లా నా బుర్రలోకి ఎయిర్ ప్యూరిఫైయర్, అంటే గాలిని వడకట్టే మెషీన్, అనే మాట దూరింది.

మొదటిసారి తొందరపడ్డాను. హన్మకొండలో ఒక షాపుకు పోయి, అక్కడి అబ్బాయి చెప్పింది విని, ఆరు వేలకు ఒక బుల్లి మెషీన్ తెచ్చాను. నీలం లైటు, నెగటివ్ అయాన్ బటన్, డబ్బా మీద ‘500 చదరపు అడుగుల వరకు’ అని పెద్ద అక్షరాలు. ఇంట్లో పెట్టి ఆన్ చేస్తే అమ్మ కాసేపు చూసి అడిగింది: "గీ డబ్బ గాలిని కడుగుతదా బిడ్డా? గాలి గలీజైతే గాలే కొట్టుకపోతది గని, ఎవలన్న కడుగుతరా?"

రెండో రోజు పొద్దున ఆమె అర్రలో ఏదో వాసన. వెల్డింగ్ షాపు ముందు నడిచినప్పుడు, జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డప్పుడు వచ్చే లాంటి వాసన. అది ఓజోన్ అని తర్వాత చదివి తెలుసుకున్నాను. అయాన్ బటన్ నొక్కితే మెషీన్ గాలిలోని దుమ్ముకు కరెంటు ఛార్జ్ ఎక్కిస్తుంది. ఛార్జ్ ఎక్కిన దుమ్ము పోయి గోడకో, దుప్పటికో, మంచానికో అతుక్కుంటుంది. గాలిలోంచి పోయినట్టే, ఇంట్లోంచి మాత్రం పోదు. పైగా ఆ పనిలో ఓజోన్ పుడుతుంది. దమ్ము ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకు ఓజోన్ అసలే పడదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్యూరిఫైయర్ వదిలే ఓజోన్‌కు 0.050 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 0.050 పాళ్లు) అని చట్టంలోనే గీత గీశారు, అది దాటితే అక్కడ అమ్మనివ్వరు. దమ్ము తగ్గాలని ఊపిరితిత్తులకు పడనిదాన్ని ఇంటికి తెచ్చుకున్నానన్నమాట. షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. అది ఇప్పుడు అటక మీద ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నన్ను "షావోమి మంచిదా, ఫిలిప్స్ మంచిదా, కోవే కొనాలా, డైసన్ కొనాలా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆఫీసులో ఇద్దరు, మా బావ, ఇంటి ఓనర్. నా జవాబు అందరికీ ఒకటే: కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు టేపు తీసుకుని నీ అర్ర కొలువు. నవ్వుతారు. నవ్వినా సరే, ఈ మెషీన్ల బేరంలో అసలు లెక్కంతా ఆ టేపు దగ్గరే ఉంది.

ప్యూరిఫైయర్ అంటే లోపల పెద్ద బ్రహ్మవిద్యేం లేదు. ఒక ఫ్యాను, దాని ముందు ఒక ఫిల్టర్. గంటకు ఎంత శుభ్రమైన గాలి బయటికి ఇస్తుందో చెప్పే అంకెను సీఏడీఆర్ అంటారు, గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని రాస్తారు. అమ్మ అర్ర పన్నెండు అడుగులు, పదకొండు అడుగులు, ఎత్తు పది. గుణిస్తే 1,320 ఘనపు అడుగులు. మీటర్లలోకి మారిస్తే 37 పైచిలుకు. దమ్ము ఉన్న మనిషి పడుకునే అర్రలో గాలి గంటకు ఐదుసార్లయినా ఫిల్టర్‌లోంచి తిరగాలి. అంటే గంటకు దాదాపు 190 ఘనపు మీటర్లు కావాలి.

ఇప్పుడు నా ఆరు వేల డబ్బా సంగతి చూడండి. దాని సీఏడీఆర్ 150. అది చూసుకుంటానన్న 500 చదరపు అడుగులకు పది అడుగుల ఎత్తు వేస్తే 5,000 ఘనపు అడుగులు, అంటే 141 పైచిలుకు ఘనపు మీటర్లు. గంటకు ఒక్కసారి తిరుగుతుంది, అంతే. ఆ ఒక్కసారి తిరిగేలోపు తలుపు సందుల్లోంచి, వెంటిలేటర్లలోంచి బయటి గాలి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అబద్ధం చెప్పారా అంటే చెప్పలేదు. గంటకు ఎన్నిసార్లో అడగలేదు కాబట్టి వాళ్లూ చెప్పలేదు. ఇంకో మెలిక ఉంది. అమెరికావాళ్ల కొలతలు ఎనిమిది అడుగుల కప్పుకు వేసినవి. మన ఇళ్లలో పదడుగులు మామూలు, పాత పెంకుటిళ్లలో ఇంకా ఎక్కువ. అక్కడి పట్టిక చూసి కొంటే మనకు ఐదో వంతు తక్కువ పడుతుంది.

అసలు కిటుకు మరొకటుంది, అది తెలుసుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. డబ్బా మీద రాసే సీఏడీఆర్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉన్నప్పటిది. ఫుల్ స్పీడులో పెట్టి పక్కన పడుకుని చూడండి, కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారం మీద పడుకున్నట్టే ఉంటుంది. అమ్మ మొదటి రాత్రే బంద్ చేసింది. స్లీప్ మోడ్‌లో పెడితే చప్పుడు ఉండదు, కానీ గాలి కూడా చాలా మెషీన్లలో మూడో వంతుకో, నాలుగో వంతుకో పడిపోతుంది. కాబట్టి 190 కావాలంటే 190 మెషీన్ కొనకూడదు. 350, 400 ఉన్నది కొని సగం స్పీడులో నడపాలి. బక్క ఎద్దును కొట్టి పరిగెత్తించడం కంటే బలిసిన ఎద్దును నడిపించుకోవడం మేలని మా తాత అనేవాడు, ఆయన బండి గురించే అన్నాడు లెండి.

రెండోసారి నేను చూసినవి మూడే: మధ్య స్పీడులో ఎంత గాలి, ఎంత చప్పుడు, ఫిల్టర్ ధర ఎంత. వైఫై, యాప్, రంగులు మారే లైటు, యూవీ లాంప్, ఇవేవీ చూడలేదు. యూవీ లాంప్ గురించి మాత్రం ఒక ముక్క. క్రిమి చావాలంటే ఆ వెలుగు కింద కొంతసేపు ఉండాలి. ఫ్యాన్ లాక్కునే గాలి లాంప్ ముందు సెకనులో కొంత భాగం కూడా నిలవదు. పేరుకు ఉంటుంది, పెళ్లిలో తోడు పెళ్లికొడుకులాగ.

ఫిల్టర్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. హెపా (సన్న కణాలను పట్టే మడతల ఫిల్టర్) అని రాసి ఉండాలి, ‘హెపా టైప్’ అనీ ‘హెపా లాంటిది’ అనీ కాదు. యూరప్ లెక్కలో హెచ్13 అనే గ్రేడు ఉంటే కణాలను 99.95 శాతం పట్టాలి. అమెరికా లెక్కలో 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను 99.97 శాతం పట్టాలి. చాలామంది దీన్ని చూసి, 0.3 కంటే చిన్నవి జారిపోతాయేమోనని భయపడతారు. అది తప్పు. మేడారం జాతరలో జనం మధ్య నడిచే మనుషులను గుర్తు తెచ్చుకోండి. భారీ మనిషి సందుల్లో పట్టడు, ఇరుక్కుంటాడు. బాగా తాగినవాడు సన్నగా ఉన్నా తూలుతూ తూలుతూ పోయి ఎవరికో ఒకరికి తగులుతాడు. మరీ సన్న కణాలు అట్లా ఊగుతూ ఫిల్టర్ పోగులకు తగిలి అతుక్కుంటాయి. జనం ఎటు పోతే అటు వంగుతూ జారుకునేది మధ్యరకం మనిషి. కణాల్లో ఆ మధ్యరకం వాళ్లు 0.3 దగ్గర ఉంటారు. అందుకే పరీక్ష వాళ్ల మీద పెట్టారు. వాళ్లను పట్టిన ఫిల్టర్‌కు చిన్నా పెద్దా లెక్క కాదు.

డబ్బు లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అందరం పడిపోతాం. నా ముందు రెండు మెషీన్లు ఉన్నాయి. ఒకటి ఆరు వేలు, ఫిల్టర్ రెండు వేల రెండు వందలు, ఆర్నెల్లకోసారి మార్చాలి. ఐదేళ్లలో తొమ్మిది ఫిల్టర్లు, 19,800. మొత్తం 25,800. రెండోది పదమూడు వేలు, ఫిల్టర్ రెండు వేల నాలుగు వందలు, ఏడాదికోసారి. నాలుగు ఫిల్టర్లు, 9,600. మొత్తం 22,600. చవకదే ఖరీదైనదని తేలింది. మెషీన్ ఒక్కసారి కొంటాం, ఫిల్టర్ కొంటూనే ఉంటాం. ఇంకో మాట, ఆ ఫిల్టర్ ఆర్డరిస్తే మన ఊరికి వస్తుందా లేదా అన్నది కొనకముందే చూసుకోవాలి. మా బావ కరీంనగర్‌లో కొన్న మోడల్‌కు రెండేళ్లకే ఫిల్టర్ దొరకడం ఆగిపోయింది, దాన్ని ఇప్పుడు స్టూలులాగ వాడుతున్నాడు. కరెంటు సంగతి భయపడాల్సింది కాదు. 50 వాట్ల మెషీన్ రాత్రికి తొమ్మిది గంటలు నడిస్తే నెలకు పదమూడు, పద్నాలుగు యూనిట్లు.

ఇంత లెక్క వేసి మంచిదే తెచ్చాను. తెచ్చిన వారానికి ఒక రాత్రి పది గంటలకు అమ్మ అర్రలోకి పోతే, గాలిలో దుమ్మెంతో చూపే మెషీన్ మీది అంకె ఎర్రగా మూడంకెల్లోకి ఎగబాకి ఉంది. బుసలు కొడుతోంది పాపం. చూస్తే మంచం కింద దోమల కాయిల్. అటు మెషీన్, ఇటు కాయిల్, మధ్యలో అమ్మ. "దోమలు కుడితె ఎట్ల బిడ్డా? గిది పొగను గుంజుకుంటదని నువ్వే అంటివి గదా" అంది. తప్పు నాదే, నేను అట్లాగే చెప్పాను.

2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక్క దోమల కాయిల్ కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని లెక్కగట్టారు. పీఎం 2.5 అనేది ఆ సన్న కణాల పేరు, 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నవి. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. బయటి గాలిలో ఇవి ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటొద్దని మన దేశం 2009లో ప్రమాణం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన గీతను 15కు దించింది. మనం బయటి గాలిని తిట్టుకుంటూ తలుపులు మూసి లోపల నూటపాతిక సిగరెట్లు కాలుస్తున్నాం. కిరాణా షాపుల్లో అమ్మే దోమల అగర్‌బత్తి, దేవుడి అర్రలో ఊదుబత్తులు, శుక్రవారం ఊదు పొగ, మిరపకాయల పోపు, అన్నీ ఆ అంకెను లేపేవే. దేవుడి దీపం మానమని నేనెవరికీ చెప్పను, మా ఇంటామె ఊరుకోదు కూడా. ఊదుబత్తి బాల్కనీలో తులసి దగ్గరికి మారింది. కాయిల్‌కు బదులు దోమతెర కట్టాం, అది నాలుగు వందలు. నిజం చెప్పాలంటే పదమూడు వేల మెషీన్ కంటే ఆ నాలుగు వందల దోమతెరే అమ్మ నిద్రకు ఎక్కువ మేలు చేసిందని నా అనుమానం.

అందుకే మెషీన్ కొనాలనుకునేవాళ్లకు నా వాదన ఇది: ముందు ఒక నెల ఇంట్లో పొగ ఆపి చూడండి. పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. పొడి చీపురుతో ఊకుడు తగ్గించి తడిగుడ్డ పెట్టండి. మన పెద్దవాళ్లు వాకిట్లో సాన్పి చల్లాకే ఊకేవాళ్లు, దుబ్బ లేవకుండా. టైల్స్ వచ్చాక ఆ తెలివి మరిచిపోయాం. ఇవన్నీ చేశాక కూడా దగ్గు, దమ్ము తగ్గకపోతే అప్పుడు మెషీన్. తలుపులు మూసుకుని ఏసీలో పడుకునేవాళ్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే మామూలు ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, దాని జాలీ దుమ్మును ఆపుతుంది గానీ సన్న కణాలను ఆపదు.

కూలర్ ఉన్నవాళ్ల కథ వేరు. ఈ సంగతి ఢిల్లీవాళ్లు రాసే సలహాల్లో కనబడదు. అక్కడ గాలి పాడయ్యేది నవంబరు, డిసెంబరుల్లో, కూలర్లు గోనెసంచీ కప్పుకుని నిద్రపోయే రోజుల్లో. మన దగ్గర యాసంగి కోతలై పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టేది ఏప్రిల్, మే నెలల్లో. మిర్చి సీజన్ తోక కూడా అప్పటిదాకా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎండ నలభై దాటి కూలర్ లేకుండా నిద్ర పట్టదు. కూలర్ పనిచేయాలంటే కిటికీ తెరిచి ఉండాలి, అది గంటకు మూడు నాలుగు వేల ఘనపు మీటర్ల బయటి గాలిని లోపలికి తోస్తుంది. దాని ముందు మన మెషీన్ ఇచ్చే రెండు, మూడు వందలు ఏ మూలకు? ఏటిలోంచి చెంబుతో నీళ్లు తోడి ఇల్లు ఆరబెట్టినట్టు. తడిసిన గడ్డి జాలీ పెద్ద దుమ్మును కొంత ఆపుతుంది, పొగను ఆపదు. పైగా కూలర్ తేమకు చాలా మెషీన్ల సెన్సార్లు తడబడి, నీటి తుంపరను దుమ్ముగా లెక్కపెడతాయి. కూలర్ నడిచే అర్రలో ప్యూరిఫైయర్ పెట్టి కరెంటు తగలేయొద్దు. అమ్మ అర్రకు ఒక టన్ను ఏసీ పెట్టించక తప్పలేదు. ఆ ఖర్చు నా ప్యూరిఫైయర్ లెక్కలో మొదట లేదు, ఉండాల్సింది. అది కలుపుకుంటే బేరం ఎంత మారుతుందో మీరే చూసుకోండి. ఏసీ పెట్టలేని ఇంటికి నేను ప్యూరిఫైయర్ కొనమని చెప్పను. సీజన్‌లో బయటికి పోయేటప్పుడు ఎన్95 మాస్కు, ఇంట్లో పొగ బంద్, ఇవి చాలు.

చలికాలం పొద్దున కిటికీలు తెరవడం మంచిదని మనలో చాలామంది అనుకుంటాం. చల్లగాలి స్వచ్ఛమని ఒక భ్రమ. నిజానికి డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, రాత్రంతా పోగైన పొగ దానిలోనే ఉండిపోతుంది. ఎండ ముదిరి మధ్యాహ్నమయ్యేసరికి గాలి కలిసి పలచబడుతుంది. కిటికీ తెరవాల్సింది అప్పుడు. తెరవాలి కూడా, ఎందుకంటే ప్యూరిఫైయర్ కొత్త గాలిని తేదు, మనం వదిలే బొగ్గుపులుసు వాయువును తీసేయదు. చలికాలంలో అర్రలో బొగ్గుల కుంపటి పెట్టుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. మెషీన్ ఉంది కదా అని తలుపులు మూసుకుని కుంపటి పెట్టారో, ప్రాణాలకే ముప్పు. కార్బన్ మోనాక్సైడ్‌ను హెపా ఆపదు, దానితో వచ్చే కార్బన్ ఫిల్టర్ కూడా ఆపదు. ఆ కార్బన్ ఫిల్టర్ చాలా మెషీన్లలో పలచటి రేకులాంటి పొర. వాసనలు కొన్ని వారాలు పడుతుంది, తర్వాత నిండిపోతుంది.

మొక్కల గురించి అడుగుతారు కాబట్టి అది కూడా. 1989లో నాసావాళ్లు మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం పట్టుకుని నర్సరీలు స్నేక్ ప్లాంట్‌ను అమ్ముకుంటున్నాయి. 2019లో ఇద్దరు పరిశోధకులు ఆ ప్రయోగాలన్నీ తిరగేసి, ఇంటి గాలి మీద నిజంగా ప్రభావం ఉండాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలన్నారు. అంటే అమ్మ అర్రలో తక్కువలో తక్కువ నూటాపాతిక కుండీలు. అమ్మకు సంతోషమే, మాకే చోటు లేదు.

మూడు నెలలకు మొదటిసారి మెషీన్ వెనక మూత తీశాను. బయటి జాలీ మీద పత్తి నూగు ఒత్తుగా పేరుకుని ఉంది, గోటితో పట్టి లాగితే వస్త్రంలా ఊడి వచ్చింది. జిన్నింగ్ మిల్లులదీ, మార్కెట్‌కు పోయే పత్తి బండ్లదీ అయి ఉంటుంది. దాంట్లో రెండు మూడు తెల్ల వెంట్రుకలు, అమ్మవి. జాలీని నల్లా కింద కడిగాను, అది కడగొచ్చు. దాని వెనక హెపా, కొన్నప్పుడు కాగితంలా తెల్లగా ఉన్నది, తడిసిన బూడిద రంగులో ఉంది. మడతల మధ్య ఎర్రటి నలుసులు. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, బుద్ధి లేక. అరగంట తుమ్మాను. హెపాను కడగకూడదు, దులపకూడదు, నిండితే మార్చడమే.

అమ్మ పక్కకొచ్చి కూర్చుని ఆ ఫిల్టర్‌ను చాలాసేపు చూసింది.

"గిదంతా నా పొట్టలకు పోవుడేనా?"

"పొట్టలోకి కాదమ్మా, ఊపిరితిత్తుల్లోకి."

"ఏదైతేంది, లోపలికే గదా" అంది. తర్వాత కాసేపటికి, "మరి గా మార్కెట్ల హమాలోళ్ల సంగతేంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. బస్తాకు ఇంతని మోసేవాళ్లు, తొడిమెలు తీసే ఆడవాళ్లు, ముక్కుకు తువ్వాల కట్టుకుని పొద్దంతా ఆ ఎర్ర దుమ్ములోనే ఉంటారు. వాళ్లు పీల్చే గాలికి సీఏడీఆర్ లేదు. 2019లో కేంద్రం పెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి పాడైన ఊళ్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు లాంటివి ఉన్నాయి, వరంగల్ లేదు. లేనందుకు సంతోషపడాలో ఏమో. నా వాదనంతా ఒక్క అర్ర గోడల మధ్యది, అంతకుమించి ఈ డబ్బా చేతకాదు. పొద్దున ఆరింటికి అరుగు మీద కూర్చుని పాలవాడితో మాట్లాడే అమ్మకు కూడా అది పనికిరాదు.

దమ్ము పోలేదు. ఇన్‌హేలర్ మానలేదు, మానకూడదు కూడా. కానీ ఈ సీజన్‌లో గోడకు ఆనుకుని కూర్చున్న రాత్రులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానిలో దోమతెర వాటా ఎంత, ఏసీ వాటా ఎంత, మెషీన్ వాటా ఎంత అని తూకం వేసి చెప్పలేను. ఆటో మోడ్ మాత్రం తీసేశాను. సెన్సార్ మెషీన్‌లోనే ఉండి, తాను వదిలిన మంచి గాలినే తాను చూసుకుని ‘అంతా బాగుంది’ అని ఫ్యాన్ తగ్గించేస్తుంది. మధ్య స్పీడులో పెట్టి వదిలేశాను. గోడకు జానెడు దూరం జరిపాను.

ఒక్కటే ఇబ్బంది. అమ్మ దృష్టిలో అది ఇప్పటికీ పొద్దంతా గాలి కొట్టే డబ్బా. తడి తువ్వాల దాని మీద ఆరేస్తుంది, గాలి వచ్చే జాలీ మీదే. తొందరగా ఆరుతుందట. రోజూ ఆఫీసు నుంచి రాగానే నేను చేసే మొదటి పని ఆ తువ్వాల తీసి దండెం మీద వేయడం.